ఐదు చుక్కల మొహమాటం

డిసెంబరు 31 సాయంత్రం అనగానే జనాలకి కేకులూ బిర్యానీలూ గుర్తొస్తాయేమో. మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాళ్ళకి మాత్రం లెక్కలు గుర్తొస్తాయి. "ఈ ఏడాది చదివిన పుస్తకాలు 52, టార్గెట్ 50" అని ఒకడు. "47 దగ్గర ఆగిపోయా, రిలీజు నెత్తిమీద పడింది" అని ఇంకొకడు. కింద వరసగా పుస్తకాల పేర్లు, పేరు పక్కన చుక్కలు. స్టార్లనండి, నక్షత్రాలనండి, నేను చుక్కలనే అంటాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొన్నటి డిసెంబరులో పనిలేక (అంటే ఉంది, చెయ్యబుద్ధి కాక) కూర్చుని లెక్కపెట్టాను. ఆరుగురి లిస్టుల్లో కలిపి 38 తెలుగు పుస్తకాలు తేలాయి. అందులో 34కి ఐదుకి ఐదు. మిగతా నాలుగింటికీ నాలుగు చొప్పున. మూడు పడిన తెలుగు పుస్తకం ఒక్కటంటే ఒక్కటి లేదు. అదే మనుషులు, అదే లిస్టుల్లో, ఇంగ్లీషు పుస్తకాలకి మాత్రం రెండూ మూడూ నిస్సంకోచంగా పారేశారు. పైగా కారణాలు కూడా! "మధ్యలో వంద పేజీలు సాగదీశాడు", "ఒక వ్యాసంలో చెప్పాల్సింది పుస్తకం చేశాడు", "ముగింపు తేలిపోయింది". ఎంత చక్కటి పాఠకులండీ వీళ్ళు అనుకున్నా. మరి తెలుగు పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఈ కళ్ళు ఏమైపోతున్నాయి? దాని పక్కన ఉండే వాక్యాలు చూడండి. "అద్భుతం." "తప్పక చదవాల్సిన పుస్తకం." "కళ్ళు చెమర్చాయి." "మన మట్టి వాసన." అంతే. ఏ పుస్తకానికి ఏ వాక్యం తగిలించినా అతికిపోతుంది. కావాలంటే కార్డుల్లా కలిపి పంచేయొచ్చు.

మీలో కొందరికి ఇప్పటికే కోపం వచ్చుంటుంది. ఎవడో నాలుగు మంచి మాటలు చెప్తే నీ సొమ్మేం పోయింది అని. నా సొమ్మేం పోలేదు. పోయింది మా స్నేహితుడి సొమ్ము. దాదాపు లక్ష రూపాయలు. ఆ కథ చెప్పాకే మిగతాది.

వాడూ నేనూ బీటెక్‌లో ఒకే బ్యాచ్, ఒకే హాస్టలు. వాడిది గోదావరి జిల్లా, నాది ఖమ్మం వైపు. ఉద్యోగాలొచ్చాక ఇద్దరం హైదరాబాదే. వాడికి మొదట్నుంచీ రాసే పిచ్చి ఉండేది. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా రాసి రాసి, మూడేళ్ళకి ఒక నవల పూర్తి చేశాడు. 230 పేజీలు. సొంత డబ్బుతో 500 కాపీలు వేయించాడు. చిన్నప్పుడు వాణ్ణి పెంచింది వాళ్ళ మేనత్త. వాడు సెకండియర్‌లో ఉండగా ఆవిడ పోయారు. పుస్తకం ఆవిడకే అంకితం. నవల్లో కూడా ఒక మేనత్త ఉంటుంది.

పుస్తకం చేతికిచ్చి "చదివి చెప్పరా" అన్నాడు. నేను నిజంగానే మొదలుపెట్టాను. 60వ పేజీ దాకా వచ్చాను. ఆ తర్వాత స్ప్రింటు, ఆ తర్వాత చెల్లెలి పెళ్ళి, ఆ తర్వాత ఏదో సిరీస్. రెండు వారాలకి వాడు ఫోన్ చేసి మొహమాటంగా "వీలైతే రేటింగ్ ఒకటి ఇవ్వరా, కొత్తవాళ్ళు చూస్తారు" అన్నాడు. ఆ రాత్రే చివరి చాప్టర్ తిరగేసి, ఐదు చుక్కలు కొట్టి, కింద ఇలా రాశాను. "పాత్రచిత్రణ అద్భుతం. ముఖ్యంగా మేనత్త పాత్ర కళ్ళకు కట్టింది. మొదటి నవలేనంటే నమ్మబుద్ధి కాదు."

మా బ్యాచ్ మొత్తం ఇదే పని చేశారు. వాళ్ళ టీము, పాత టీము, కజిన్లు. మొత్తం 43 రేటింగులు. 41 ఐదులు, రెండు నాలుగులు. సగటు 4.95. ఈ భూమ్మీద ఎంత గొప్ప నవలకి కూడా నేనింతవరకూ 4.95 చూడలేదు :)

వాడు నమ్మాడు. ఎందుకు నమ్మడు? మనం నమ్మించాం కదా. 500 కాపీల్లో మూడొందలు పోయాయి (ఎక్కువ భాగం మనలాంటి వాళ్ళే మొహమాటానికి కొన్నవి). పుస్తకాల పండగకి స్టాల్లో పెట్టాలని రెండో ముద్రణ 1000 కాపీలు కొట్టించాడు. బోనస్ డబ్బులు మొత్తం అందులోనే పెట్టాడు.

రెండో ముద్రణ ఊళ్ళో వాళ్ళింటికి చేరిన వారానికి ఒక ఉత్తరం వచ్చింది. నిజం ఉత్తరమే, కవరూ స్టాంపూ ఉన్నది. రాసినాయన కొవ్వూరు దగ్గర రిటైర్డ్ పోస్టుమాస్టరు. ఎవరో ఇస్తే చదివారట. నాలుగు తెల్లకాగితాలు రెండువైపులా రాశారు. మొదటి పేజీలోనే ఉంది సంగతి. "నాయనా, తొమ్మిదో ప్రకరణంలో మేనత్త కాలం చేసినది. పెద్దకర్మ కూడా జరిపించినావు. పద్నాలుగో ప్రకరణంలో నిశ్చితార్థం నాడు ఆవిడే వంటింట్లో పెసరట్లు వేయుచున్నది. ఇది గతం తలుచుకొనుటగా రాసినట్లు కూడా లేదు. నా చూపు దోషమేమో అని రెండుమార్లు చదివితిని."

ఆయన చూపులో దోషం లేదు. వాడు చివర్లో చాప్టర్లు అటూ ఇటూ జరిపాడు. నిశ్చితార్థం మొదట ముందుండేది, సస్పెన్సు కోసం వెనక్కి నెట్టాడు. మేనత్త పోవడం ముందుకొచ్చింది. మన భాషలో చెప్పాలంటే మెర్జ్ చేసేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ చూసుకోలేదు. బిల్డ్ పాసయింది, ప్రొడక్షన్‌కి వెళ్ళింది. ఒకసారి కాదు, రెండుసార్లు. 43 మంది రివ్యూ చేశారు, 43 మందీ అప్రూవ్ కొట్టారు. ఒక్కడికీ చచ్చిపోయినావిడ పెసరట్లు వెయ్యడం కనపడలేదు!

మేనత్త పాత్ర కళ్ళకు కట్టిందని నేను రాసిన వాక్యం అప్పటికీ అక్కడే ఉంది.

వాడు నన్ను తిట్టలేదు. ఫోన్ చేసి ఉత్తరం సంగతి చెప్పి, కాసేపాగి, "ఒరేయ్, అత్త పాత్ర బావుందన్నావు కదా. ఎక్కడ బావుందిరా, పోయాకా, పోకముందా?" అనడిగాడు. నేనేదో గొణిగాను. వాడు పెట్టేశాడు. ఎవడో తెలియనివాడి పుస్తకంలో అయితే ఇది నవ్వుకునే సంగతి. అది వాడు వాళ్ళత్తకి అంకితమిచ్చిన పుస్తకం.

ఇప్పుడు చెప్పండి, నాలుగు మంచి మాటలేగా, ఏం పోయిందని?

మనందరికీ ఎల్‌జీటీఎం తెలుసు. ఎనిమిదొందల లైన్ల కోడు రివ్యూకి వస్తే రెండు నిమిషాల్లో "నాకు బాగానే కనిపిస్తోంది" అని నాలుగక్షరాలు పడేసి టీ కెళ్ళిపోవడం. అర్ధరాత్రి సర్వర్ పడిపోయాక, రూట్ కాజ్ మీటింగులో "రివ్యూ ఎవరు చేశారు?" అని మేనేజరు అడిగినప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీకపోవడం. మన వృత్తిలో దీన్ని తప్పని ఒప్పుకుంటాం. కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి కూడా "చూడకుండా అప్రూవ్ కొట్టకు" అని క్లాసు పీకుతాం. అదే మనం సాయంత్రం ఇంటికెళ్ళి ఒకడి మూడేళ్ళ పనికి ఎల్‌జీటీఎం కొట్టి, దానికి సాహిత్యాభిమానం అని పేరు పెట్టుకుంటాం.

దీనికి నాకు ఎప్పుడూ వచ్చే సమాధానం ఒకటుంది. "తెలుగులో చదివేవాళ్ళే తక్కువ. రాసేవాళ్ళు ఇంకా తక్కువ. ఐదొందల కాపీలు పోవడానికి ఏళ్ళు పడుతోంది. ఇలాంటప్పుడు కూడా నువ్వు మార్కులు కోస్తే ఎవడు రాస్తాడు? ప్రోత్సహించాలి కదా!" ఈ మాట అనేవాళ్ళు మంచివాళ్ళే. నేనూ మొన్నటిదాకా అన్నాను. కానీ ఒక్కసారి ఈ వాదన లోపల ఏముందో చూడండి. ఇంగ్లీషు పుస్తకం పెద్దవాళ్ళ ఆట, దాన్ని కొలవచ్చు. తెలుగు పుస్తకం స్కూలు వార్షికోత్సవంలో మూడో తరగతి పిల్లాడి డాన్సు, స్టెప్పులు తప్పినా చప్పట్లు కొట్టాలి. గౌరవం అనుకుని మనం చేస్తున్నది ఇదీ. రాసినవాడు పెద్దమనిషి. తప్పు చెప్తే తట్టుకోగలడు. చెప్పకపోతే రెండో ముద్రణ వేస్తాడు.

ఇంకోటి. దాన్ని చూసి కొనేవాడి సంగతి? పాపం ఒక కుర్రాడు, చిన్నప్పుడు చదివిన నాలుగు ముక్కల తెలుగు మిగిలినవాడు, ఒకసారి తెలుగు నవల చదవాలని సరదాపడి, ఐదు చుక్కలు చూసి ఒకటి కొంటాడు. నలభై పేజీలు కష్టపడి చదివి పక్కన పడేస్తాడు. ఆ పుస్తకం బాగాలేదని అనుకోడండీ. తెలుగులో ఐదు చుక్కలదే ఇలా ఉంటే మిగతావి ఎలా ఉంటాయో అనుకుంటాడు. మళ్ళీ రాడు. మనం ప్రోత్సహించి ప్రోత్సహించి ఉన్న పాఠకుణ్ణి కూడా పోగొట్టుకుంటున్నాం.

నా అనుమానం ఏంటంటే, మూడు అనే అంకె అంటే మనకున్న భయం పుస్తకాల వల్ల వచ్చింది కాదు, అప్రైజల్ వల్ల వచ్చింది. ఏడాదంతా గొడ్డుచాకిరీ చేస్తే మేనేజరు గదిలోకి పిలిచి "చాలా బాగా చేశావ్, కానీ కర్వ్‌లో ఫిట్ చెయ్యాలి కదా" అని మూడు చేతిలో పెడతాడు. ఆ రోజు నుంచి మూడు అంటే అవమానం. అదే గుడ్‌రీడ్స్‌లో చుక్కల మీద మౌస్ పెట్టి చూడండి, ఏ చుక్కకి ఏమర్థమో వాళ్ళే రాశారు. ఒకటి అంటే నచ్చలేదు. రెండంటే ఫరవాలేదు. మూడంటే నచ్చింది. నాలుగంటే బాగా నచ్చింది. ఐదంటే అద్భుతం. మూడంటే నచ్చిందని, మహాప్రభో! నచ్చిన పుస్తకానికి నచ్చిందని చెప్పడానికి మనకి చెయ్యి రావట్లేదు. ఏడాదికి 34 అద్భుతాలు చూసే అదృష్టం మాత్రం ఉంది.

ఈ రోగం మన ఒక్కళ్ళదే కాదులెండి. 2009లో యూట్యూబ్ వాళ్ళు తమ దగ్గరున్న లెక్కలు చూపించి, జనం వేసే చుక్కల్లో అత్యధికం ఐదులే, మధ్యలో అంకెలు ఎవరూ ముట్టుకోవట్లేదని వాపోయారు. 2010లో ఆ చుక్కలు పీకేసి లైకూ డిస్‌లైకూ పెట్టారు. నెట్‌ఫ్లిక్స్ కూడా 2017లో అదే పని చేసింది. అప్పుడు వాళ్ళు చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. జనం డాక్యుమెంటరీకి ఐదు వేస్తారట, సరదా సినిమాకి మూడు వేస్తారట, ఖాళీ దొరికితే చూసేది మాత్రం ఆ మూడు వేసిన సినిమాలేనట. మన తెలుగు పుస్తకం ఆ డాక్యుమెంటరీ అయి కూర్చుంది. అందరూ మెచ్చుకునేది, ఎవరూ పూర్తిచెయ్యనిది.

ఇక పుస్తకం మూసీ మూయగానే అంకె వేసెయ్యాలనే తొందర గురించి. ఇది ఇంకో జబ్బు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇందులో నేను మోసం చెయ్యలేదు, నిజాయితీగానే వేశాను, అయినా బోల్తా పడ్డాను.

థర్డియర్‌లో ఉండగా గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర" చదివాను. 1940ల నాటి నవల. తెలుగులో మనోవైజ్ఞానిక నవల అనగానే మొదట చెప్పే పేరు అదే. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ గాలి మీదున్నాను. చివరి పేజీ తిప్పి, ఐదు నిమిషాల్లో రెండు చుక్కలు కొట్టి, "హీరోకి పనీపాటా లేదు. ఆలోచించడం తప్ప ఏమీ చెయ్యడు. కథ ముందుకి కదలదు" అని రాసి పడుకున్నాను. అది మాత్రం పూర్తిగా చదివే వేశాను.

2023లో నన్ను ఐదు నెలలు బెంచి మీద కూర్చోబెట్టారు. మీలో చాలామందికి ఈ బెంచి తెలుసు. పొద్దున్నే స్నానం చేసి, కార్డు మెళ్ళో వేసుకుని, క్యాబ్ ఎక్కి వెళ్ళి, స్వైప్ చేసి, తొమ్మిది గంటలు ఏ పనీ లేకుండా పనున్నట్టు కూర్చుని రావడం. మా టీములో ఒక్కొక్కరినీ పిలిచి పంపించేస్తున్నారు. ఇంట్లో అమ్మ అడిగితే "బిజీగా ఉంది" అనేవాణ్ణి. ఆ నెలల్లోనే చెల్లెలి పెళ్ళి అప్పు తీరుస్తూ, ఎవరికీ తెలీకూడదని బంధువుల ఫంక్షన్లకి మామూలు కన్నా పెద్ద కానుకలు పట్టుకెళ్ళేవాణ్ణి. ఒక రాత్రి నిద్రపట్టక అదే పుస్తకం తీశాను. వంశం పేరు నిలబెట్టాలని ఉన్న ఆస్తి కరిగించేసి, తర్వాత మనుషుల్లోంచి తప్పుకుంటూ, తనలో తాను కుమిలిపోయే సీతారామారావు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి లైటు తీసేశాను. పక్క మంచం మీద రూమ్మేటు ఉన్నాడు, వాడికి నా మొహం కనపడకూడదని.

మర్నాడు పాత రేటింగు మార్చబోయాను. ఎంతకి మార్చాలి? ఐదుకా? అప్పటి రెండు కూడా అబద్ధం కాదు కదా. ఇరవయ్యేళ్ళ కుర్రాడికి ఆ పుస్తకం నిజంగానే కదల్లేదు. పుస్తకంలో అక్షరం మారలేదు, చదివేవాడు మారాడు. ఈ రెండిటినీ కలిపి 3.5 వెయ్యనా? చివరికి అంకె పీకేసి, ఇరవైలో ఇలా అనిపించింది, బెంచి మీద ఇలా అనిపించింది అని రెండు పేరాలు రాశాను. దానికి ఎవరూ స్పందించలేదు. పాత రెండు చుక్కలకి మాత్రం అప్పట్లో ముగ్గురు "కరెక్ట్‌గా చెప్పావ్ బ్రో" అన్నారు.

అందుకే చదివిన పూటే అంకె వేసేవాళ్ళని చూస్తే నాకు భయం. అందులోనూ టార్గెట్ పెట్టుకున్నవాళ్ళు. ఏడాదికి యాభై అంటే వారానికి ఒకటి. అంటే మనం ఆఫీసులో ఏ వెలాసిటీ చార్టుని తిట్టుకుంటామో దాన్నే ఇంటికి తెచ్చి దిండు పక్కన పెట్టుకున్నాం. స్టోరీ పాయింట్లు పెంచడానికి చిన్న టికెట్లు ఎంచుకున్నట్టు, డిసెంబరు రాగానే మావాళ్ళు సన్నటి పుస్తకాలు వెతుకుతారు. కవితా సంపుటాలకి డిసెంబరులో ఉన్న గిరాకీ ఏ నెలలోనూ ఉండదు. ఈ లెక్కన "వేయిపడగలు" ఎవడు చదువుతాడండీ? అది పట్టుకుంటే ఏడాది టార్గెట్ గోవిందా.

ఐదులు తిట్టాను కదా అని ఒకట్లు వేసేవాళ్ళు సంబరపడక్కర్లేదు. వాళ్ళు ఇంకా ఘోరం. 2023 జూన్‌లో అమెరికా రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ రష్యాలో జరిగే కథతో ఒక నవల రాబోతోందని ప్రకటించింది. ఉక్రెయిన్ యుద్ధం నడుస్తోంది కాబట్టి జనానికి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కానీ పుస్తకం ఇంకా అచ్చే కాలేదు. అయినా గుడ్‌రీడ్స్‌లో వందల కొద్దీ ఒక చుక్కలు పడిపోయాయి. ఆవిడ విడుదల ఆపేసుకుంది. చదవడానికి పుస్తకమే లేదు, రేటింగులు మాత్రం ఉన్నాయి! మన దగ్గర కూడా రచయిత కులం, పార్టీ, ఎవరి శిష్యుడు, ఎవరితో గొడవ.. ఇవన్నీ చూసి, పుస్తకం తెరవకుండానే ఒకటి కొట్టేవాళ్ళని చూశాను. చదవకుండా ఒకటి కొట్టినవాడికీ, 60వ పేజీలో ఆగి ఐదు కొట్టిన నాకూ తేడా ఎంత? వాడికి కోపం, నాకు మొహమాటం. పుస్తకం ఇద్దరమూ చదవలేదు.

మన వాళ్ళకి కొలవడం చేతకాదా అంటే అదేం కాదు. 1914లోనే కట్టమంచి రామలింగారెడ్డి "కవిత్వ తత్త్వ విచారము" రాశారు. ప్రబంధ కవుల్ని పట్టుకుని మొహమాటం లేకుండా కడిగేశారు, పింగళి సూరనను మెచ్చుకుంటే ఎందుకు మెచ్చుకుంటున్నారో చెప్పి మెచ్చుకున్నారు. 1928లో అక్కిరాజు ఉమాకాన్తం "నేటికాలపు కవిత్వం" అని భావకవుల మీద ఒక పుస్తకం నిండా విరుచుకుపడ్డారు. ఆయన తీర్పులన్నీ ఒప్పుకోవాలని లేదు, నాకైతే సగం మింగుడుపడవు. కానీ దాదాపు వందేళ్ళ తర్వాత కూడా ఆయనతో పోట్లాడొచ్చు, ఎందుకంటే కారణాలు రాసి వెళ్ళారు. "కళ్ళు చెమర్చాయి" అన్నవాడితో ఏం పోట్లాడతాం? కర్చీఫ్ ఇవ్వడం తప్ప.

మరి ఏం చెయ్యమంటావ్ అంటారా? రేటింగులు నిషేధించాలని నేనేం ధర్నా చెయ్యట్లేదు. చుక్కలు వేసుకోండి. కానీ పక్కన ఒక్క వాక్యం, ఆ పుస్తకం చదివినవాడు మాత్రమే రాయగలిగినది, రాయండి. ఏ పేజీ దగ్గర టీ చల్లారిపోయిందో చెప్పండి. ఏ చాప్టర్‌లో ఫోను చేతిలోకి తీసుకున్నారో అది కూడా చెప్పండి. సగంలో ఆపేస్తే సగంలో ఆపానని చెప్పండి, అందులో సిగ్గేం లేదు. చదువుతున్నంతసేపూ ఎవరు గుర్తొచ్చారో, పూర్తయ్యాక ఎవరికి ఇవ్వాలనిపించిందో, ఎవరికి పొరపాటున కూడా ఇవ్వకూడదనిపించిందో చెప్పండి. బాగా నచ్చిన పుస్తకంలో నచ్చనిది ఒకటి చెప్పండి, మిగతా మెప్పుని అప్పుడు నమ్ముతాను. స్నేహితుడి పుస్తకం, నిజం చెప్పే ధైర్యం లేదు అనుకోండి, ఊరికే ఉండండి. ఊరుకోవడం కూడా ఒక మర్యాదే. నేను ఆ రాత్రి ఊరుకుని ఉంటే 41 కాస్తా 40 అయ్యేది, అంతే కదా అని ఒకరన్నారు. నిజమే. మిగతా నలభై మంది కూడా ఇలాగే అనుకున్నారు.

ఆ పోస్టుమాస్టరు గారి ఉత్తరంలో మిగతా మూడున్నర కాగితాల సంగతి చెప్పలేదు కదూ. తప్పు పట్టింది మొదటి పేజీలోనే. మిగిలినదంతా పుస్తకం గురించి. 71వ పేజీలో కాలవలో స్నానాల సన్నివేశం మూడుసార్లు చదివారట. కాలవ కట్టేసినప్పుడు బురద వాసన గురించి రాసిన చోట తన చిన్నతనం వచ్చి పక్కన కూర్చుందని రాశారు. పట్నంలో ఆఫీసు చాప్టర్లు తనకి అర్థం కాలేదని, అది తన లోపమా రచయిత లోపమా తేల్చుకోలేకపోయానని రాశారు. సంభాషణల్లో ఆడవాళ్ళందరూ ఒకేలా మాట్లాడుతున్నారని రాశారు. చివర్లో స్కూలు మాస్టర్లు వేసినట్టు ఎర్ర ఇంకుతో పదికి ఆరు వేసి, చుట్టూ సున్నా చుట్టి, "రెండవ నవల వచ్చినచో తెలుపవలెను" అని అడ్రసు రాశారు.

మా బ్యాచ్ వేసిన 4.95ని వాడు ఎప్పుడైనా తీసి చూసుకున్నాడో లేదో నాకు తెలీదు. ఆ ఉత్తరాన్ని మాత్రం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు, మార్కుల మెమోలు పెట్టుకుంటామే, అలాంటి దాంట్లో. రెండో ముద్రణ కాపీలు ఊళ్ళో వాళ్ళ నాన్నగారి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. వెయ్యికి తొమ్మిదొందల చిల్లర. చెదపట్టకుండా వేపాకు వేశారట. పద్నాలుగో చాప్టర్‌లో పెసరట్ల పేజీ మీద సవరణ చీటీ అంటిద్దామా అని వాళ్ళ నాన్న అడిగారని, వద్దన్నాడని ఎవరో చెప్పారు.

నా పాత ఐదు చుక్కలు తీసేశాను. ఈసారి 230 పేజీలూ చదివాను, పట్టుగా నాలుగు రాత్రులు. మూడు వేశాను, ఎందుకు మూడో నాలుగు పేరాలు రాశాను. ఆడవాళ్ళ సంభాషణల గురించి పోస్టుమాస్టరు గారు చెప్పింది నిజమే. బురద వాసన గురించి చెప్పింది కూడా నిజమే. వాడు చూశాడేమో, ఏమీ అనలేదు. కలిసినప్పుడు ఆఫీసు కబుర్లే మాట్లాడతాడు.

రెండో నవల రాస్తున్నాడట. చాప్టర్ చాప్టర్‌కీ ప్రింటు తీసి కొవ్వూరు పంపిస్తున్నాడట. నాకు పంపలేదు.